సింగ్‌నగర్ నుంచి 48 మంది పిల్లలతో సినిమా పండుగకి: ఒక టీచర్ రివ్యూ

మూడో రోజు సినిమా అయిపోయి హాల్లో లైట్లు వేసేసరికి మా పిల్లల్లో చాలామంది తల దించుకుని తమ కాళ్ళ వంక చూసుకుంటున్నారు. ఎవరూ లేవలేదు. రోజూ చివరి పీరియడ్‌లో బెల్లు కొట్టకముందే సంచీ భుజాన వేసుకుని సిద్ధంగా ఉండే పిల్లలు వీళ్ళు. తెర మీద చివరగా కనిపించింది నీళ్ళ తొట్టిలో పెట్టిన రెండు కాళ్ళు. బొబ్బలెక్కిన ఆ కాళ్ళ చుట్టూ మెల్లగా వచ్చి చేరిన చేపలు. అంతే, సినిమా అయిపోయింది.

నేను విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక మున్సిపల్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. మొన్న నవంబరులో, బాలల దినోత్సవం వారంలో, స్కూలు పిల్లల కోసం అంతర్జాతీయ సినిమా పండుగ అంటూ ఒక చిన్న టీం మా స్కూలుకి వచ్చి చెప్పింది. గవర్నర్‌పేటలో ఒక ఆడిటోరియం. మూడు రోజులు, ఉదయం 10 గంటలకి షో, పిల్లవాడికి రోజుకి 40 రూపాయలు, టీచర్లకి ఉచితం. మా ఎనిమిదో తరగతి రెండు సెక్షన్ల నుంచి 48 మందిని తీసుకెళ్ళాం. నేను, లెక్కల మాస్టారు, పీఈటీ మేడం. పండుగ పేరు, హాలు పేరు ఇక్కడ రాయడం లేదు. నచ్చనివి కూడా చెప్పబోతున్నాను, అవి వాళ్ళకి ఎదురుగానే చెప్పాను. ఇక్కడ రాసేది మిగతా స్కూళ్ళ టీచర్ల కోసం, ఇలాంటి పిలుపు వస్తే వెళ్ళాలా వద్దా అని ఆలోచించే వాళ్ళ కోసం.

వెళ్ళాలి. కానీ వెళ్ళేముందు ఒక్క విషయం అడిగి తీరాలి. అదేంటో చెప్తాను.

ముందు సినిమాల ఎంపిక. ఇందులో నేను వేలెత్తి చూపేది ఏమీ లేదు. మొదటి రోజు రెండు చిన్న సినిమాలు: ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారొస్తమీ 1970లో తీసిన ‘ద బ్రెడ్ అండ్ యాలీ’, అంటే రొట్టె, సందు. ఇంకోటి ఫ్రాన్స్ నుంచి ‘ద రెడ్ బెలూన్’, 1956 నాటిది. రెండో రోజు కియారొస్తమీదే ‘వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హోమ్’, 1987. మూడో రోజు మజీద్ మజీదీ తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’, 1997. నాలుగింటిలో మూడు ఇరాన్‌వే ఏంటని మా మాస్టారు అడిగారు. నాకూ అదే అనుమానం వచ్చి ఇంటికొచ్చాక చదివాను. ఇరాన్‌లో 1965లో పిల్లల కోసమే ఒక సంస్థ పెట్టారు. కానూన్ అంటారు. పిల్లల లైబ్రరీలతో మొదలై పుస్తకాలు వేయడం, ఆ తర్వాత సినిమాలు తీయడం దాకా వెళ్ళింది. కియారొస్తమీ మొదటి సినిమా ఆ సంస్థ కోసం తీసిందే. మేం చూసిన మూడు ఇరాన్ సినిమాలూ అక్కడి నుంచి వచ్చినవే. ఒక దేశం తన పిల్లల కోసం లైబ్రరీ పెడితే, అందులోంచి ప్రపంచమంతా చూసే సినిమాలు వచ్చాయి. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియనందుకు బాధ వేసింది.

మనకీ ఒక ప్రయత్నం ఉండేది. 1955లో చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. వాళ్ళ ఆధ్వర్యంలో బాలల అంతర్జాతీయ చలనచిత్రోత్సవం హైదరాబాద్‌లో రెండేళ్ళకోసారి నవంబరు 14 నుంచి జరిగేది. 2017లో జరిగింది 20వది. 2022లో ఆ సొసైటీని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. అందుకే ఇలా నలుగురైదుగురు కలిసి ఒక హాలు అద్దెకి తీసుకుని చేసే పండుగలకి నేను ఎక్కువ విలువ ఇస్తాను. లోపాలు చెప్పేది కూడా అవి ఆగిపోకూడదనే.

మొదటి రోజు 10 గంటలకి అన్నది 10.55కి మొదలైంది. దీపం, సన్మానం, ఉపన్యాసాలు. సినిమా పిల్లల మనసుల్ని ఎలా తీర్చిదిద్దుతుందో ముగ్గురు పెద్దలు వరసగా చెప్పారు. పిల్లలు ఎదురుగా తెల్ల తెర చూస్తూ కూర్చున్నారు. ఆ 55 నిమిషాలు తర్వాత జరగాల్సిన చర్చలోంచి పోయాయి. మధ్యాహ్న భోజనం టైముకి పిల్లల్ని స్కూలుకి చేర్చాలి కాబట్టి మేం ఆగలేకపోయాం. మా పిల్లల్లో కొందరికి ఆ భోజనమే రోజులో గట్టి భోజనం. అది తప్పిపోయేలా ఏ కార్యక్రమమూ పెట్టకూడదు. దీని గురించి నిర్వాహకులకి గట్టిగానే చెప్పాను. మిగతా రెండు రోజులు సరిగ్గా టైముకి మొదలుపెట్టారు.

కానీ ఆ మొదటి రోజు సినిమా మొదలయ్యాక జరిగింది మర్చిపోలేను. పది నిమిషాల సినిమా. బ్లాక్ అండ్ వైట్. ఒక కుర్రాడు రొట్టె కొనుక్కుని సందుల్లోంచి ఇంటికి వెళ్తుంటాడు. దారిలో ఒక కుక్క మొరుగుతుంది. కుర్రాడు ఆగిపోతాడు. కథ అంతే. మాటలు లేవు. మా పైపుల రోడ్డు, వాంబే కాలనీ పిల్లలకి కుక్క ఉన్న సందు అంటే వేరే చెప్పాలా? ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక ఏ వీధిలోంచి రావాలో, ఏ వీధి వదిలేయాలో లెక్కలు వేసుకుని నడిచే పిల్లలు. ఆ కుర్రాడు ఒక ముసలాయన వెనకాల చేరి నడుద్దామని చూస్తే, ఆయన మధ్యలోనే వేరే సందులోకి తిరిగిపోతాడు. అప్పుడు నా పక్కన కూర్చున్న అమ్మాయి నా చేయి పట్టుకుని, “టీచర్, రొట్టె ముక్క వేసెయ్యమనండి!” అంది. నిజంగా నేను చెప్తే తెర మీద వాడు వింటాడన్నట్టే అడిగింది. కాసేపటికి వాడు అదే చేశాడు. కుక్క తోక ఊపుతూ వెంట వచ్చింది. మా వరస మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. చివర్లో ఆ కుక్క వాడి గుమ్మం దగ్గరే పడుకుంటుంది. ఇంకో కుర్రాడు చేతిలో గిన్నెతో అదే సందులోకి వస్తాడు. అక్కడితో అయిపోయింది. “వీడి దగ్గర రొట్టె లేదుగా, ఎలా వెళ్తాడు?” అని హాలంతా గోల. అరవై ఏళ్ళు రాబోతున్న సినిమా ఇది. ఆ గోల విని ముందు వరసలో కూర్చున్న పెద్దలు వెనక్కి తిరిగి చూశారు.

‘రెడ్ బెలూన్’ 34 నిమిషాలు. పారిస్‌లో ఒక పిల్లవాడికి ఎర్ర బెలూన్ దొరుకుతుంది. అది వాడి వెంటే తిరుగుతుంది. ఆ పిల్లవాడు దర్శకుడు ఆల్బర్ట్ లామొరీస్ సొంత కొడుకే. మాటలు దాదాపు లేని సినిమాకి స్క్రీన్‌ప్లే విభాగంలో ఆస్కార్ వచ్చింది. ఇది మా పిల్లలకి చెప్తే, “మాటలు లేకపోతే ఏం రాశారు టీచర్?” అన్నారు. చాలా మంచి ప్రశ్న. మర్నాడు నా పీరియడ్ మొత్తం దాని మీదే నడిచింది. ఇంటి దగ్గర నుంచి స్కూలు దాకా మీరు వచ్చిన దారి ఒక్క మాట కూడా లేకుండా సినిమా తీస్తే ఏం రాస్తారో రాయండి అన్నాను. ఎప్పుడూ రెండు లైన్లు దాటని పిల్లవాడు పేజీన్నర రాశాడు.

బెలూన్‌తో వస్తే బస్సు ఎక్కనివ్వరు ఆ సినిమాలో. తిరిగి వస్తూ సిటీ బస్సులో మా పిల్లలు కండక్టర్ని పట్టుకున్నారు. ఆడవాళ్ళ ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కింద ఆడపిల్లలకి టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డులు తెమ్మని ముందే చెప్పాను, మగపిల్లలకి టికెట్లు కొడుతున్నాడు ఆయన. “అన్నా, బెలూన్ పట్టుకొస్తే ఎక్కనిస్తారా?” అని ఒకడు అడిగాడు. ఆయన ఆలోచించి, “జనం లేకపోతే ఎక్కిస్తాలేరా” అన్నాడు. ఫ్లైఓవర్ దిగేదాకా దాని మీదే చర్చ.

ఇంతవరకు అంతా బాగుంది. రెండో రోజు చిక్కు వచ్చింది.

ఆ రోజు సినిమా పర్షియన్‌లో. కింద సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లో. హాల్లో ఉన్నది ఎక్కువగా మా లాంటి స్కూళ్ళ పిల్లలే. ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ పాఠం చదవగలరు, కానీ నిదానంగా. రెండు లైన్లు తెర మీదకి వచ్చి మూడు నాలుగు సెకన్లలో పోతాయి. మొదటి మాట కూడబలుక్కునేలోపు తర్వాతది వచ్చేస్తుంది. చదవడానికి ప్రయత్నిస్తే బొమ్మ పోతుంది, బొమ్మ చూస్తే మాట పోతుంది. పావుగంటకి వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను మా వరసకి మెల్లగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రెండు వరసల వెనక ఉన్న ఇంకో స్కూలు టీచర్ “మాకూ వినపడేలా చెప్పండి మేడం” అన్నారు. అంతకంటే గట్టిగా చెప్తే సినిమా పాడవుతుంది. చెప్పకపోతే వాళ్ళకి సినిమానే లేదు.

ఆ సినిమా అలా పోవాల్సింది కాదు. కథ మా పిల్లల రోజువారీ బతుకే. అహ్మద్ అనే కుర్రాడు పక్కన కూర్చునే పిల్లవాడి నోట్‌బుక్ పొరపాటున ఇంటికి తెచ్చేసుకుంటాడు. రెండూ ఒకేలా ఉంటాయి. ఇంకోసారి నోట్‌బుక్‌లో కాకుండా కాయితం మీద హోంవర్క్ రాస్తే స్కూలు నుంచి పంపించేస్తానని మాస్టారు ఆ పిల్లవాడిని అప్పటికే బెదిరించి ఉంటాడు. కాబట్టి ఆ రాత్రికల్లా నోట్‌బుక్ అందించాలి. పక్క ఊరు. ఇల్లు ఎక్కడో తెలియదు. పెద్దవాళ్ళెవరూ వాడు చెప్పేది పూర్తిగా వినరు. అమ్మ పనులు చెప్తూనే ఉంటుంది, తాత సిగరెట్లు తెమ్మంటాడు. తాత జేబులో సిగరెట్లు ఉంటాయి కూడా. చెప్పిన మాట వినడం అలవాటవ్వాలని పంపిస్తున్నానని పక్కాయనతో అంటాడు. ఈ మాట నేను మా వరసకి చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం ఆ క్లాసులో మాస్టారు మాట్లాడే ప్రతి మాటా గుచ్చుకుంది. ఆ గొంతు నేనూ వాడాను. ‘ఎన్నిసార్లు చెప్పాను?’ అని మూడుసార్లు అడిగి పిల్లవాడు ఏడిచేదాకా ఊరుకోని రోజులు నాకూ ఉన్నాయి. టీచర్లు ఈ సినిమాకి పిల్లల్ని తీసుకెళ్ళడమే కాదు, ముందు తాము చూడాలి.

చివరి సీన్‌కి మాత్రం ఏ భాషా అక్కర్లేదు. ఇల్లు దొరకక వెనక్కి వచ్చిన అహ్మద్ రాత్రి కూర్చుని స్నేహితుడి హోంవర్క్ కూడా తనే రాసేసి, మర్నాడు క్లాసుకి ఆలస్యంగా వచ్చి, ఆ నోట్‌బుక్ పక్కకి జరుపుతాడు. మాస్టారు పేజీ తిప్పితే లోపల చిన్న పువ్వు ఉంటుంది. అప్పటిదాకా పక్కవాడిని గిల్లుతున్న వాళ్ళు కూడా ఆ పువ్వు చూశారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో వాళ్ళకి ఇంకో సంగతి చెప్పాను. హాల్లో ఎవరూ చెప్పలేదు, ఇచ్చిన రెండు పేజీల ఇంగ్లిష్ కరపత్రంలో కూడా లేదు. ఆ సినిమా ఇరాన్‌కి ఉత్తరాన కోకెర్ అనే ఊళ్ళో తీశారు. నటించింది అక్కడి మనుషులే. అహ్మద్, వాడి స్నేహితుడు ఇద్దరూ నిజంగా అన్నదమ్ములు. సినిమా వచ్చిన మూడేళ్ళకి, 1990 జూన్‌లో, ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఊళ్ళకి ఊళ్ళు కూలిపోయాయి. కియారొస్తమీ తన సినిమాలో చేసిన పిల్లలు బతికున్నారో లేదోనని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇంతవరకు చెప్పి ఆగాను.

“దొరికారా టీచర్?”

అడిగినవాడు వెనక సీటు మీద నుంచి వంగి మరీ అడిగాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి నీళ్ళు మా పేటలోకి వచ్చినప్పుడు ఈ పిల్లలంతా ఏడో తరగతి. మేడల మీద, పక్కవాళ్ళ ఇళ్ళల్లో, పడవల్లో గడిపిన పిల్లలు. స్కూలు తెరిచిన రోజున హాజరు తీసుకుంటూ పలకని ప్రతి పేరు దగ్గరా నేను ఆగాను. వాళ్ళూ తల తిప్పి చూశారు. ‘దొరికారా’ అన్న మాట వాళ్ళకి ఎంత దగ్గరదో నాకు తెలుసు.

“దొరికారు. ఇద్దరూ బతికే ఉన్నారు. ఆ తర్వాత ఇంకో సినిమాలో కనిపించారు కూడా” అన్నాను.

ఆ రోజు సాయంత్రం నిర్వాహకులకి ఫోన్ చేశాను. నేను అడిగింది ఒక్కటే. రేపటి సినిమాకి ఎవరైనా మైకులో తెలుగులో చెప్పాలి. వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. సినిమాకి అడ్డం అవుతుంది, ఇంగ్లిష్ స్కూళ్ళ పిల్లలు కూడా ఉన్నారు అన్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. కానీ ఇది కొత్తగా నేను కనిపెట్టిందేం కాదు. మూకీ సినిమాల రోజుల్లో మన హాళ్ళల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు, టైటిల్స్ చదివి వినిపించేవాడు. 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చి సినిమా తెలుగులో మాట్లాడేదాకా మన తాతలు సినిమా అర్థం చేసుకున్నది ఆ మనిషి గొంతు మీదుగానే. 48 మంది పిల్లలు మూడోసారి బస్సెక్కి వస్తున్నారు, వాళ్ళకి ఒక గొంతు ఇవ్వండి అన్నాను. చివరికి వాళ్ళ వాలంటీర్లలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి, “నేను చదువుతాను మేడం, రాత్రికి సినిమా ఒకసారి చూసుకుంటాను” అంది.

ఆ అమ్మాయి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటి పది నిమిషాలు ప్రతి లైనూ చదివింది. ‘అమ్మా, రొట్టె తెచ్చాను’, ‘ఇక్కడ పెట్టు’ లాంటివి కూడా. గొంతులో కంగారు ఉంది, బొమ్మ కంటే వెనకబడుతోంది. తర్వాత మెల్లగా తగ్గించింది. ముఖం చూస్తే తెలిసిపోయే చోట ఆగిపోవడం మొదలుపెట్టింది. అన్నాచెల్లెళ్ళు నోట్‌బుక్‌లో రాసుకుంటూ, నాన్నకి వినపడకుండా ఆ కాయితాల మీదే పోట్లాడుకునే సీన్ ఒకటి ఉంది. అక్కడ తన గొంతు కూడా తగ్గించి, దాదాపు గుసగుసలా చదివింది. హాలంతా ముందుకి వంగింది. సినిమా చివరి అరగంటలో ఆమె మాట్లాడింది బహుశా ఇరవై లైన్లు. పరుగు పందెంలో ఒక్క ముక్క కూడా చదవలేదు. ఎక్కడ చెప్పాలో నేర్చుకోవడం తేలిక. ఎక్కడ ఊరుకోవాలో ఒక్క పూటలో, అదీ అంత మంది ముందు నేర్చుకుంది. ఈ పండుగలో నేను పూర్తి మార్కులు వేసేది ఆ అమ్మాయికే.

ఆ రోజు చూసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ కథ తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. అలీ తన చెల్లెలు జహ్రా బూట్లు కుట్టించి తెస్తూ, బంగాళాదుంపలు కొనడానికి ఆగిన చోట పోగొడతాడు. ఇంట్లో కొత్తవి కొనే పరిస్థితి లేదు. నాన్నకి చెప్పకుండా ఇద్దరూ అలీ బూట్లే పంచుకుంటారు. పొద్దున చెల్లెలు వేసుకుని వెళ్ళి, స్కూలు వదలగానే పరుగెత్తుకొచ్చి విప్పి ఇస్తుంది, మధ్యాహ్నం అన్న అవి వేసుకుని పరుగెడతాడు. మూడో బహుమతి బూట్లని తెలిసి అలీ పరుగు పందెంలో చేరతాడు, కానీ మొదటివాడిగా వచ్చేస్తాడు. ఇరాన్ నుంచి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళిన మొదటి సినిమా ఇది.

నాకు ఎప్పుడూ గుర్తుండే సీన్ వేరే ఉంది. నాన్న ఇంట్లో కూర్చుని మసీదు కోసం పంచదార గడ్డలు పగలగొడుతుంటాడు. జహ్రా టీ తెచ్చి ఇస్తుంది. టీలోకి పంచదార తెమ్మంటాడు. ముందర గుట్టగా ఉంది కదా నాన్నా అంటుంది. ఇది మసీదుది, మనల్ని నమ్మి ఇచ్చారు అంటాడు ఆయన. ఆ పంచదార ముక్కని పర్షియన్‌లో కంద్ అంటారు. మన కండచక్కెరలో ఉన్న ‘కండ’ అదే. సంస్కృతం ఖండం నుంచి రెండు వైపులా వెళ్ళింది. ఇది మర్నాడు క్లాసులో చెప్తే, ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఒక అమ్మాయి చెయ్యెత్తి, సినిమాలో మధ్యమధ్య తనకి తెలిసిన మాటలు వినపడ్డాయని చెప్పింది. ఎప్పుడూ నా క్లాసులో తనంతట తను మాట్లాడని పిల్ల. దుకాణం, బజారు, దర్వాజా అటువైపు నుంచి వచ్చిన మాటలే అని బోర్డు మీద రాశాను. ఆ పూట క్లాసులో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆ అమ్మాయికే.

జహ్రా కాళ్ళకి అన్న బూట్లు పెద్దవి. పరుగెడుతుంటే ఒకటి జారి వీధి కాలవలో పడుతుంది. నీళ్ళు లాక్కుపోతుంటాయి. పిల్ల వెంట పరుగెడుతుంది, అందినట్టే అంది మళ్ళీ జారిపోతుంది. ఈ సీన్‌లో మా పిల్లలు ఎవరూ అరవలేదు. పక్క స్కూలు పిల్లలు ‘పట్టుకో పట్టుకో’ అని కేకలు వేశారు, మా వాళ్ళు నోరు మెదపలేదు.

ఎందుకో సినిమా అయ్యాక తెలిసింది. ఆ రోజు చర్చకి పావుగంట దొరికింది. నడిపించినాయన మంచివారే, కానీ మొదటి ప్రశ్నే ‘ఈ సినిమా నుంచి మీరు నేర్చుకున్న నీతి ఏంటి?’ అని వేశారు. నీతి అనగానే పిల్లలు పాఠం చివర ప్రశ్నలకి చెప్పే జవాబులే చెప్తారు. కష్టపడాలి, అబద్ధం ఆడకూడదు, అన్నాచెల్లెళ్ళు ప్రేమగా ఉండాలి. అన్నీ వచ్చేశాయి. నిర్వాహకులకి నా రెండో విన్నపం ఇదే. ఆ ప్రశ్న మానేయండి. ఏ చోట మీకు ఊపిరి బిగిసింది అని అడగండి. నేను లేచి అదే అడిగాను.

మా చివరి బెంచీ పిల్లవాడు ఒకడు లేచాడు. బూటు కాలవలో పడ్డప్పుడు అన్నాడు. తర్వాత ఆగి చెప్పాడు. వరదలో వాళ్ళు పక్కింటి మేడ మీద మూడు రోజులు ఉన్నారట. దిగి వచ్చాక ఇల్లంతా మోకాలి లోతు బురద. వాళ్ళ చెల్లి బూటు ఒకటి మంచం కింద దొరికింది. రెండోది దొరకలేదు. వాడు ఆ ఒక్కటీ కడిగి, ఎండబెట్టి, అటక మీద పెట్టాడు. ఒక్కదాన్ని ఎందుకురా దాచావని వాళ్ళమ్మ చాలాసార్లు అడిగిందట. “రెండోది దొరుకుద్దని” అన్నాడు. ఇప్పటికీ అటక మీదే ఉందట. చెల్లికి ఇప్పుడు అది పట్టదు కూడా.

మైకు పట్టుకున్నాయన ఏదో అనబోయి ఆగిపోయారు. ఆగినందుకు ఆయనకి నా నమస్కారం.

ఇక మిగతా వసతులు. ప్రొజెక్టర్ బాగుంది, తెర పెద్దది, సౌండు కొంచెం ఎక్కువ. కిటికీ పరదాల సందుల్లోంచి వెలుతురు పడి ఎడమ వైపు కూర్చున్న వాళ్ళకి సరిగ్గా కనపడలేదు, కాబట్టి మధ్యలో సీట్లు అడగండి. హాలు నేల చదునుగా ఉంది, పొట్టి పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకోవాలి. తాగే నీళ్ళ క్యాన్లు రెండే, పదకొండున్నరకల్లా ఖాళీ. బాటిళ్ళు తీసుకెళ్ళండి. ఆడపిల్లలకి బాత్రూమ్ ఒక్కటే పని చేసింది. రెండొందల మంది ఆడపిల్లలు వచ్చే చోట ఇది చిన్న లోపం కాదు, వచ్చే ఏడాది హాలు మార్చడానికి ఇదొక్కటే చాలు.

ధర విషయానికి వస్తే మూడు రోజులకి 120 రూపాయలు. ఇవ్వగలిగిన వాళ్ళు ఇచ్చారు, మిగతాది మేం టీచర్లం వేసుకున్నాం. ఆ డబ్బుకి ఎన్నో రెట్లు వచ్చింది. అయినా ప్రభుత్వ స్కూళ్ళకి సగం ధర పెడితే ఆరో తరగతి నుంచి అందరినీ తేవచ్చు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ ఒక్క విషయం. మీ స్కూలుకి ఇలాంటి పిలుపు వస్తే సినిమాల పేర్ల కంటే ముందు, ‘తెలుగు ఎలా అందిస్తారు?’ అని అడగండి. డబ్బింగ్ అక్కర్లేదు, అసలు గొంతులు వినాలి పిల్లలు. మైకులో చదివే మనిషి ఉంటే చాలు. ఇంకా మంచిది తెలుగు సబ్‌టైటిల్స్. సబ్‌టైటిల్ ఫైల్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదని మా కంప్యూటర్ సార్ చూపించారు. మామూలు టెక్స్ట్ ఫైల్. ఒక నంబరు, ఏ సెకనులో రావాలి, ఏ సెకనులో పోవాలి, కింద మాట. ఇంగ్లిష్ మాట తీసి తెలుగు టైప్ చేయడమే. ఒక సినిమాకి కొన్ని వందల లైన్లు ఉంటాయి. ఇద్దరు టీచర్లు వారం కూర్చుంటే అవుతుంది. పొట్టిగా రాయాలి, పిల్లలు మాట్లాడే తెలుగులో రాయాలి. నిర్వాహకులకి చెప్పాను, వచ్చే పండుగకి ఏ సినిమాలో ముందే చెప్తే రెండింటికి నేనే రాసిస్తానని. సరే అన్నారు. పరిచయ కాయితం కూడా తెలుగులో ఉండాలి, అది చూసుకోవడం వాళ్ళ పని.

ఇంకొకటి. తిరిగి వచ్చాక పిల్లల చేత వ్యాసం రాయించకండి. మర్నాడు ఒక పీరియడ్ ఖాళీగా ఉంచి మాట్లాడనివ్వండి.

చివరి రోజు అందరికీ ఒక అభిప్రాయ పత్రం ఇచ్చారు. అదీ ఇంగ్లిష్‌లోనే, ఐదు బొమ్మ ముఖాలతో. నవ్వే ముఖం చుట్టూ గీత గీస్తే చాలు. మా పిల్లలు ముఖం చుట్టూ గీసి, కాయితం తిప్పి వెనకాల తెలుగులో రాశారు. బస్సులో అన్నీ చదువుకుంటూ వచ్చాను. ‘మూడో బహుమతికి బూట్లు అని పెట్టారు, మొదటి బహుమతికి కూడా బూట్లు పెట్టాల్సింది’ అని ఒకడు. ‘కుక్కకి రొట్టె పెట్టిన సినిమా ఇంకోసారి వేయండి’ అని నలుగురు. ఒక అమ్మాయి కాయితం మాత్రం నేను నిర్వాహకులకి పంపలేదు, నా హాజరు పుస్తకంలో పెట్టుకున్నాను. సినిమా చివర్లో నాన్న సైకిల్ మీద, సామాన్ల మధ్య, ఇద్దరికీ కొన్న కొత్త బూట్లు ఒక్క క్షణం కనిపిస్తాయి. అలీ అప్పటికి, పందెంలో మొదట వచ్చినా బూట్లు దక్కలేదని దిగులుగా ఉంటాడు. ఆ అమ్మాయి రాసింది ఇది: ‘వాళ్ళ నాన్న బూట్లు కొన్నాడని అలీకి ఇంకా తెలీదు. ఎవరైనా చెప్పండి.’